బిగింపు మేస్త్రీ, బాదం చెట్టూ

మా మామయ్య వేసిన ముడి విప్పాలంటే మళ్ళీ మా మామయ్యే రావాలి. ఈ మాట ఆయన తన గురించి తానే చెప్పుకుంటాడు. సొంత డబ్బా కొట్టుకునే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఇందులో అబద్ధం లేదు కాబట్టి ఏమీ అనలేను. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఒకసారి నా క్యారియర్ మూత వదులుగా ఉందని తాడుతో కట్టి ఇచ్చాడు. నేనూ నా స్నేహితురాలూ దానితో కుస్తీ పట్టి, పళ్ళతో పీకి, ఆఖరికి ల్యాబ్‌లోంచి కత్తెర తెచ్చి కోసుకునేసరికి భోజనాల వేళ అయిపోయింది. ఇంటికొచ్చి నేను గోల పెడితే ఆయన మొహం వెలిగిపోయింది. "ఒలికిందా? ఒలకలేదు కదా!" అన్నాడు.

ఆయన అమ్మకి సొంత తమ్ముడు. లారీల యార్డులో సరుకు కట్టే పని చేసేవాడు. బస్తాలైనా బీరువాలైనా లారీ నిండాక పైన టార్పాలిన్ కప్పి, మోకు లాగి, అంగుళం కదలకుండా కట్టి పంపడం ఆయన వంతు. ఆయన కట్టిన లోడు దారిలో జారిందన్న కబురు ఎన్నడూ రాలేదు. అందుకే యార్డులో అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రి అనేవారు. ఆ పేరు వింటే ఆయనకి కడుపు నిండిపోయేది. తర్వాత్తర్వాత సరుకంతా ఇనప కంటైనర్లలో రావడం మొదలైంది. తలుపు మూసి తాళం వేస్తే సరి, తాడుతో పనే లేదు. ఒంటరి మనిషి, ఎక్కడుంటాడు? తన మోకులన్నీ చుట్టలు చుట్టుకుని వచ్చి మా పెరటి గదిలో దిగాడు.

ఇక చూడండి మా అవస్థ. గ్యాస్ సిలిండర్ని కిటికీ ఊచకి కట్టాడు. బాల్చీని కుళాయికి కట్టాడు. డాబర్‌మన్ లాంటి కుక్క మా ఇంట్లో ఉండి ఉంటే దాన్నేం చేసేవాడో గానీ, చీపురుకట్టని మాత్రం విప్పి మళ్ళీ కట్టాడు. ఊడ్చేటప్పుడు ఒక్క పుల్ల ఊడదు, కాకపోతే ఊడవడం కూడా కుదరదు. "ఈ ఇంట్లో కట్టకుండా మిగిలింది నువ్వొక్కదానివేనక్కా" అన్నాడు ఒకరోజు అమ్మతో. "నన్ను కట్టాలంటే నీ దగ్గరున్న తాళ్ళు చాలవురా" అంది అమ్మ.

అమ్మ చంటిపిల్లల డే కేర్ నడుపుతుంది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని మా ఇంట్లో దించి సాయంత్రం తీసుకెళ్తారు. చదువైపోయాక నేనూ అమ్మతోపాటే ఆ పనిలో పడ్డాను. మా ఇల్లు పెంకుటిల్లు, ముందు రేకుల వరండా. మధ్యాహ్నం ఆ వరండాలోనే చాపలు పరిచి పిల్లల్ని పడుకోబెడతాం. రేకుల కింద పసిపిల్లలు హాయిగా నిద్రపోతున్నారంటే అది మా గొప్ప కాదు, వాకిట్లో ఉన్న బాదం చెట్టు గొప్ప. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాచి ఇంటినీ వాకిలినీ నీడలో పెట్టుకుంది. ఆ నీడే లేకపోతే ఎండాకాలం మా వరండా పెనమైపోతుంది. పిల్లల్ని పెనం మీద పడుకోబెట్టలేం కాబట్టి డే కేర్ మూసుకోవడం తప్ప దారి లేదు.

అలాగని చెట్టు మమ్మల్ని భయపెట్టలేదా అంటే, పెట్టింది. పెద్ద కొమ్మ ఒకటి సరిగ్గా వరండా మీదికి వాలి ఉండేది. ఈదురుగాలుల కాలం దగ్గరపడుతోందంటే చాలు, పిల్లల తల్లులు వస్తూ పోతూ పైకి చూసేవారు. అందరికన్నా ఎక్కువసేపు చూసేది నర్సమ్మ. ఆస్పత్రిలో నర్సు కాబట్టి మేం అలా పిలుస్తాం. గాలివాన వెలిసిన మర్నాడు ఆస్పత్రికి ఎలాంటి దెబ్బలతో వస్తారో కళ్ళారా చూసిన మనిషి. "ఆంటీ, ఆ కొమ్మ సంగతి కాస్త చూడండి" అని అడిగేది. అమ్మ "చూద్దాంలేమ్మా" అనేది. అమ్మ చూద్దాం అందంటే చూడదని అర్థం. ఆ చెట్టంటే ఆవిడకి వల్లమాలిన ప్రేమ. ఎవరైనా ఆకు తుంచినా ఊరుకోదు.

ఆ మాటలు ఒకరోజు మామయ్య చెవిన పడ్డాయి.

"దానికెందుకు బెంగ? నేను కట్టేస్తాగా" అన్నాడు.

"చెట్టుని కడతావా?" అన్నాను.

"ఏమే, అలా చూస్తావ్? పది బీరువాలు ఒక్క లారీ మీద నిలబెట్టి కట్టి పంపినవాణ్ణి. కాళ్ళు కదపలేని చెట్టొక లెక్కా నాకు?"

మర్నాడే మోకులు దించాడు. గోడ వెంట అమ్మ కొత్తగా వేసిన జామ మొక్కలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఇనప కడ్డీ పాతి, మొదట్లో ఒకచోట, నడుం దగ్గర ఒకచోట, మెడ దగ్గర ఒకచోట బిగించాడు. అవి పరేడ్‌లో నిలబడ్డ పోలీసుల్లా తయారయ్యాయి. తర్వాత బాదం చెట్టు పెద్ద కొమ్మకి లావుపాటి మోకు చుట్టి, రెండో కొస తెచ్చి గేటు పక్కన ఉన్న ఇటుకల స్తంభానికి వేసి, కాలు తన్నిపెట్టి లాగి ముడేశాడు. వేలితో మీటితే ఆ మోకు మోగింది. ఇక ఏ గాలైనా రానీ అన్నట్టు చేతులు దులుపుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మోత వింటే నాకూ ధైర్యంగానే అనిపించింది.

గాలి వచ్చింది. అదేం పెద్దది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం దుమ్ము రేపుకుంటూ వచ్చి, నాలుగు చినుకులు రాల్చి పోయే రకం. పిల్లలు లేరు, అదొక్కటే అదృష్టం. మేం కిటికీలోంచి చూస్తుండగానే ఒక జామ మొక్క పుటుక్కున విరిగింది. పైముడికి సరిగ్గా వేలెడు ఎత్తున విరిగింది. ముడి మాత్రం చెక్కు చెదరలేదు. ఆ వెంటనే బాదం కొమ్మ ఒక్కసారి పైకి లేచింది, మోకు గుంజింది, గేటు స్తంభం పైభాగం ఊడి ఇటుకలు వాకిట్లో పడ్డాయి. మిగతా రోజుల్లో పిల్లలు ఇసకలో ఆడుకునేది అక్కడే.

డ్యూటీ మారిందని చెప్పడానికి అప్పుడే నర్సమ్మ గేటు తీసుకుని వచ్చింది. ఆ ఇటుకల్ని చూసి అక్కడే నిలబడిపోయింది. ఆమె అరిచి గోల చేసి ఉంటే అమ్మ ఏదో ఒకటి అని సర్దేసేది. ఆమె అరవలేదు.

"ఆంటీ, మీ అంత బాగా నా పిల్లని ఎవరూ చూసుకోరు. కానీ ఈ చెట్టు కింద దాన్ని వదిలి వెళ్తే అక్కడ నాకు చేతులు ఆడవు. చెట్టు కొట్టించెయ్యండి. లేకపోతే నేను వేరే చోటు చూసుకుంటాను" అంది.

నర్సమ్మ మానిపిస్తే ఆమె ఒక్కతే పోదు. ఆస్పత్రి మనిషి చెప్పిందంటే మిగతా తల్లులకి అది వేదం. చెట్టు కొట్టేస్తే ఎండాకాలంతో డే కేర్ పోతుంది, కొట్టకపోతే ఈ నెలతోనే పోతుంది. అమ్మ ఆ ఇంటిని, నన్ను, తన తమ్ముణ్ణి ఆ పిల్లల మీదే నిలబెట్టుకొచ్చింది. ఆవిడ వంగి, పడ్డ ఇటుకల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

అప్పుడు మా మామయ్య ముందుకొచ్చాడు. కట్టింది ఆయనే, కూలింది ఆయన వల్లే, అయినా ఏమాత్రం జంకు లేకుండా చెప్పాడు.

"నర్సమ్మా, నాకు ఒక్క అవకాశం ఇవ్వండి. ఈసారి వచ్చే పెద్ద గాలివానకి మా కప్పు మీద ఒక్క కొమ్మ పడిందంటే, మర్నాడు నేనే దగ్గరుండి చెట్టు కొట్టించేస్తాను. పడకపోతే మీరు మళ్ళీ చెట్టు మాట ఎత్తకూడదు."

నర్సమ్మ సరేనంది. గాలివాన వచ్చే రోజు డే కేర్ ఎలాగూ సెలవే కాబట్టి ఒప్పుకుని ఉంటుంది. ఆమె అలా వెళ్ళిందో లేదో అమ్మ నిప్పులు చెరిగింది. "నా చెట్టు, నా డే కేర్, మధ్యలో మాటివ్వడానికి నువ్వెవడివిరా?" అని ఆ పూటంతా తిడుతూనే ఉంది. మామయ్య విరిగిన జామకొమ్మ పట్టుకుని తిరగేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన్ని బాధపెట్టింది అమ్మ తిట్లు కాదు. ముడి ఊడకుండా లోడు పాడవడం ఆయన జన్మలో చూడలేదు.

మా పక్కదే సెలూన్. రెండంతస్తుల డాబా, కింద షాపు, పైన ఇల్లు. ఆ సెలూన్ బాబాయి, మామయ్య ఒకరినొకరు దెప్పుకోకుండా పూట గడవదు. ఇటుకలు పడ్డాక ఒకరోజు మామయ్య క్రాపు చేయించుకోవడానికి వెళ్ళాడు. ఏం జరిగిందో బాబాయి ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతాడు. చెవి దగ్గర కత్తిరించేటప్పుడు మామయ్య ఊరికే కదులుతున్నాడని బాబాయి ఆయన తల రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాడట. సరిగ్గా అప్పుడే మామయ్యకి తుమ్మొచ్చింది. ఆయన తుమ్మితే వీధి చివరికి వినిపిస్తుంది. తల కదలలేదు గానీ మెడ కలుక్కుమంది.

"చంపేశావు కదయ్యా! వదిలేసి ఉంటే తుమ్ము దాని దారిన అది పోయేది. నువ్వు పట్టుకున్నావు కాబట్టే మెడ పట్టేసింది" అని అరిచాడట మామయ్య. అరిచి, తెరిచిన నోరు తెరిచినట్టే అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. మరు నిమిషంలో లేచాడు. సగం క్రాపుతో, మెడకి కట్టిన గుడ్డతో, తల ఒక పక్కకి వంచుకుని మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. వరండాలో పిల్లలు ఆయన్ని చూసి కేరింతలు కొట్టారు.

"అక్కా, తెలిసిపోయింది! లారీ పరిగెడుతుంది కాబట్టి లోడు కదలకూడదు. చెట్టు ఎక్కడికీ పోదు. అది ఊగాలి. ఊగేదాన్ని పట్టుకుంటే, పట్టుకున్నచోటే విరుగుతుంది."

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు చేసింది తప్పనేగా?" అంది అమ్మ.

"లారీకి ఒప్పే" అన్నాడు మామయ్య. తప్పు అనే మాట ఆయన నోట పూర్తిగా రాదు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ముడులు విప్పే పని మొదలైంది. జామ మొక్కల కడ్డీలు పీకేశాడు. ఒక్కో మొక్కకి అటొక కర్ర ఇటొక కర్ర పాతి, పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి, కింది భాగంలో ఒక్కచోట మాత్రం వదులుగా చుట్టాడు. మొక్క తల ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది, వేళ్ళు మాత్రం కదలవు. విరిగిన మొక్కని విరిగినచోట నున్నగా కోసి వదిలేస్తే పక్కనుంచి కొత్త చిగురు వేసింది. ముడి వదులుగా వెయ్యడం మాత్రం ఆయనకి పరమ కష్టమైంది. చెయ్యి అలవాటుగా బిగించేసేది, మళ్ళీ తిట్టుకుంటూ వేలు దూర్చి వదులు చేసేవాడు.

బాదం చెట్టు దగ్గరికొచ్చేసరికి ఇంకో సంగతి గుర్తొచ్చింది ఆయనకి. టార్పాలిన్ కిందికి గాలి దూరి ఉబ్బిందంటే ఎంత లావు మోకైనా తెగుతుంది, అందుకని గాలి పోవడానికి ఎక్కడో ఒకచోట సందు వదిలి కడతారట. మా చెట్టు చూస్తే సందు లేకుండా ఆకు కమ్ముకుని ఉంది. "బరువు దించాలి, గాలికి దారివ్వాలి. అంతే" అన్నాడు. గాలుల కాలం రాకముందే, ఎండు రోజులు చూసుకుని నిచ్చెన వేశాడు.

మొదటి కొమ్మ కోసినప్పుడు ఏమైందో చెప్పకపోతే ఆయన్ని మరీ మహానుభావుణ్ణి చేసినట్టవుతుంది. పైనుంచి రంపం పెట్టి కోస్తూ పోయాడు. సగం తెగగానే కొమ్మ బరువుకి వాలి, మాను మీది బెరడు మూరెడు పొడవున చీల్చుకుంటూ కింద పడింది. అమ్మ తన చర్మం వలిచినట్టే కేకపెట్టింది. మామయ్య నిచ్చెన మీదే కూర్చుని చాలాసేపు ఆ గాయాన్ని చూశాడు. ఆ తర్వాత ఏ కొమ్మకైనా ముందు కింది వైపునుంచి గాటు పెట్టి, తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోసి, బరువు పోయాక మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ముడత వదిలి కోసేవాడు. ఆ ముడత ఉంటేనే గాయం మూసుకుంటుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. పాత గాయాల్లో ఏవి పూడాయో ఏవి పుచ్చాయో చూస్తే తెలిసిందట.

ఎండిపోయినవి తీశాడు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నవాటిలో ఒకటి తీశాడు. వరండా మీది పెద్ద కొమ్మకి కొసల్లో బరువు తగ్గించాడు. ఊపు మీదున్న మనిషి ఎక్కడ ఆగాలో తెలియక ఇంకా కోసేవాడే గానీ, కింద సెలూన్ బాబాయి నిలబడి ఉన్నాడు.

"గుండు కొట్టకు మేస్త్రీ! పలచన చెయ్యి చాలు. గుండు కొడితే మళ్ళీ వచ్చేదంతా పీచుజుట్టే" అని అరుస్తూ ఉన్నాడు.

"నీ పని నువ్వు చూసుకోవయ్యా!"

"ఇది నా పనే!"

అమ్మ వాకిలి శుభ్రంగా ఉంటుందని ఎప్పుడో మాను మొదలుదాకా గచ్చు చేయించింది. మామయ్య ఆ గచ్చుని చెట్టు చుట్టూ పగలగొట్టి, మట్టి గుల్ల చేసి, ఎండుటాకులు పరిచాడు. చేతికందిన కొమ్మలన్నిటినీ, లోపల పుచ్చుందేమోనని, కర్రతో తట్టి చెవి పెట్టి విన్నాడు. అన్నీ బాగానే మోగాయి. పని అయ్యేసరికి చెట్టు కింద నీడ పోలేదు గానీ, నీడలో చిన్న చిన్న ఎండ చుక్కలు మొలిచాయి. పిల్లలు వాటి మీద గెంతుతూ ఆడుకున్నారు. అమ్మ మూతి ముడుచుకునే ఉన్నా సాయంత్రం పూట చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం మానలేదు. మామయ్య మాత్రం వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. "రానీ గాలివాన. దాని సంగతి నేను చూస్తా" అనేవాడు, ఎవరో బంధువుని పిలుస్తున్నట్టు.

పెద్ద గాలివాన వస్తోందని ఫోన్లలో హెచ్చరికలు వచ్చాయి. మర్నాడు సాయంత్రానికి వస్తుందన్నారు. అమ్మ మర్నాటికి సెలవు ప్రకటించి, ఆ రోజుకి మాత్రం పిల్లల్ని తీసుకుంది. ఆ హెచ్చరిక ఎవరు రాశారో గానీ, గాలివాన దాన్ని చదువుకోలేదు. ఆ రోజే మధ్యాహ్నం, పిల్లలు నిద్రపోతుండగా, ఆకాశం పసుపురంగుకి తిరిగింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయి, మళ్ళీ వేరే వైపునుంచి మొదలైంది.

ఫోన్లు చేస్తే దగ్గర్లో ఉన్న తల్లులు పరుగున వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయారు. దూరాన ఉన్నవాళ్ళ పిల్లలు కొందరు మిగిలిపోయారు. వాళ్ళలో నర్సమ్మ కూతురు కూడా ఉంది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని మేం బుడంకాయ అని పిలుస్తాం. నర్సమ్మ ఫోను ఎత్తలేదు. ఆస్పత్రిలో ఊపిరాడని పనిలో ఉండి ఉంటుంది.

"లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపులు వేసేద్దాం" అంది అమ్మ.

"లోపలా పెంకులేగా అక్కా. సెలూన్‌కి తీసుకెళ్దాం. వాళ్ళది డాబా" అన్నాడు మామయ్య.

అమ్మ కదల్లేదు. గొంతు తగ్గించి మాట్లాడింది. "ఒరే, ఇన్నాళ్ళూ వీధి వీధంతా చాటావు కదరా, ఒక్క కొమ్మ పడదని. ఇప్పుడు గాలి మొదలవగానే పిల్లల్ని పక్కింటికి తోలామంటే ఏమనుకుంటారు? చెట్టు మీద మనకే నమ్మకం లేదనుకోరూ? రేపట్నుంచి ఒక్కళ్ళయినా వస్తారా?"

అమ్మ మాటలో అబద్ధం లేదు. కిటికీల్లోంచి అవతలి ఇళ్ళవాళ్ళు చూస్తున్నారు. ఆ పిల్లల్ని అప్పుడు బయటికి నడిపించడమంటే, ఇన్ని వారాల ఆయన గొప్పలన్నీ ఆయనే చేజేతులా చించుకోవడం. ఆయన పంతం ఎలాంటిదో నాకు తెలుసు. నాకు భయం వేసింది, గాలికి కాదు, ఆయనేం చెప్తాడోనని.

"అనుకుంటే అనుకోనీ" అన్నాడు మామయ్య.

గోడకున్న పొడుగాటి తాడు తీసి పిల్లల చేతుల్లో పెట్టాడు. "రైలు, రైలు, అందరూ పట్టుకోండి" అని తాను ఇంజనులా ముందు నడిచాడు. బుడంకాయ అందరికంటే వెనక, నా చంకలో. వాకిలి దాటేసరికే కళ్ళలో దుమ్ము కొట్టింది. సెలూన్ బాబాయి షట్టరు సగం దించి మమ్మల్ని లోపలికి లాక్కున్నాడు. పిల్లల్ని తిరిగే కుర్చీల్లో ఎక్కించి, మెడకి తువ్వాళ్ళు చుట్టి, "సార్‌కి కటింగా, షేవింగా?" అని మొదలుపెట్టాడు. ఇక వాళ్ళకి గాలి గోలే పట్టలేదు.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి మామయ్య లేడు. షట్టరు కిందనుంచి చూస్తే, వెళ్ళి మా వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నాకు పీకలదాకా కోపం వచ్చింది. నాకన్నా ముందు అమ్మ వెళ్ళింది.

"మతిపోయిందేంట్రా నీకు?"

"నువ్వు పో అక్కా. మా యార్డులో పద్ధతి అది. లోడు కట్టినవాడు మొదటి మజిలీదాకా ఆ లోడుతోనే వెళ్ళాలి. కట్టింది నేను, కూర్చోవలసిందీ నేనే."

"నీ పద్ధతి తగలెయ్య! నీ మీద పడితే రేపట్నుంచి నేనెవర్ని తిట్టుకోవాలి?" అని అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లేవదీసింది. అంత మనిషి అమ్మ వెనకాల చిన్నపిల్లాడిలా వచ్చాడు. వచ్చి, ఖాళీగా ఉన్న ఆఖరి కుర్చీలో కూలబడ్డాడు.

తర్వాత వచ్చింది అసలు గాలి. షట్టరు దడదడలాడింది. అద్దాల్లో పిల్లల మొహాలు వణికినట్టు కనిపించాయి. సందులోంచి బాదం చెట్టు కనిపిస్తూనే ఉంది. వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. ఆకులన్నీ తిరగబడి తెల్లగా కనిపించాయి. గాలి దాని మధ్యలోంచి ఈల వేసుకుంటూ వెళ్ళిపోతోంది. పెద్ద కొమ్మ, మేమంతా భయపడ్డ ఆ కొమ్మ, పడవలా ఊగుతూ నిలబడే ఉంది. మామయ్య ముందుకు వంగి చూస్తూ "ఊగు, ఊగు" అంటున్నాడు. జామ మొక్కలు నేలని ముద్దుపెట్టుకుని మళ్ళీ లేస్తున్నాయి. గెలిచామనే అనుకున్నాను.

అప్పుడు వినిపించింది, రేకుల మీద పెద్ద మోత.

బుడంకాయ ఒక్కతే "ధడేల్!" అని చప్పట్లు కొట్టింది. మామయ్య మొహం చూడలేకపోయాను.

గాలి తగ్గాక వెళ్ళి చూశాం. ఎక్కడో చెట్టు పైఅంతస్తులో ఉన్న కొమ్మ, ఎవరి కంటా పడనిది, విరిగి వరండా మీద పడింది. రేకు లోపలికి సొట్టబోయి, చాపలు పరిచే చోటికి సరిగ్గా పైన వేలాడుతోంది. కొమ్మ నిండా నిగనిగలాడే ఆకులు. విరిగినచోట చూస్తే లోపలంతా నల్లగా పుచ్చిపోయి ఉంది. మామయ్య ఆ పుచ్చులో వేలు పెట్టి చూశాడు. "ఇది నాకు దొరకలేదు" అన్నాడు. చెట్టుకి ఇంకెక్కడా చిన్న దెబ్బ లేదు. వీధిలో మిగతా ఇళ్ళ చెట్లు సగం నేలమీదున్నాయి, మాది నిటారుగా ఉంది. కానీ పందెం కప్పు మీద కొమ్మ పడటం గురించి, అది పడింది.

చినుకుల్లోనే స్కూటర్ ఆగింది. నర్సమ్మ హెల్మెట్ కూడా తియ్యకుండా వాకిట్లోకి వచ్చింది. కొమ్మని చూసింది. సొట్టబోయిన రేకుని చూసింది, దాని కింద ఖాళీ నేలని చూసింది. పక్క షాపులోంచి బుడంకాయ నవ్వు వినపడింది. పరిగెత్తుకెళ్ళి, మెడకి తువ్వాలుతో, బుగ్గలనిండా సబ్బు నురగతో కుర్చీలో తిరుగుతున్న కూతుర్ని లాక్కుని గుండెకి హత్తుకుంది.

మామయ్య ఆమె ఎదుటికి వెళ్ళి నిలబడ్డాడు.

"మాట తప్పనమ్మా. రేపే మనిషిని పిలిచి కొట్టించేస్తాను" అన్నాడు. అమ్మ తల వంచుకుంది.

"పడుతుందని మీకు ముందే తెలుసా?" అని అడిగింది నర్సమ్మ.

"లేదు. పడదనే నమ్మాను."

"మరి పిల్లల్ని ఎందుకు ఇటు తెచ్చారు?"

"నా నమ్మకం నాదమ్మా. దాని కింద నేను కూర్చుంటాను. మీ పిల్లని కూర్చోబెట్టడానికి నేనెవర్ని?"

నర్సమ్మ సెలూన్ మెట్టు మీద కూర్చుండిపోయింది. కూతురి బుగ్గల మీది నురగ తన కొంగుతో తుడుస్తూ చెట్టు వైపు చూసింది.

"కొట్టించకండి మేస్త్రిగారూ. కొమ్మ పడకూడదని మీ దగ్గర మాట తీసుకున్నాను. ఆ మాట ఎవరైనా ఎలా ఇవ్వగలరు? పడేటప్పుడు నా పిల్ల దాని కింద లేదు. నాకు కావలసింది అదే" అంది.

మామయ్య వెళ్ళి, పడిన కొమ్మని రేకు మీదనుంచి లాగడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

నర్సమ్మ లేచి, కూతుర్ని భుజాన వేసుకుని, స్కూటర్ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఆంటీ, ఎల్లుండి నుంచి నాకు తెల్లవారుజాము డ్యూటీ. దీన్ని కాస్త చీకటి ఉండగానే తీసుకొస్తాను. తలుపు కొడితే లేస్తారా?"

"కొట్టక్కర్లేదమ్మా, తీసే ఉంచుతాను" అంది అమ్మ.